ఎవురికీ చెప్పాకునా

మీ అమ్మాయి ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టిందో మీ పక్క ఫ్లాటు వాళ్ళకు తెలుసా? తెలియదు. వాళ్ళు అడిగారు, మీరు చెప్పలేదు. "ఇంకా చూస్తున్నామండీ" అని నవ్వి తలుపు వేసుకున్నారు. లోపల టేబుల్ మీద ఫారాలు పరిచే ఉన్నాయి. మామూలుగా మీరు అబద్ధాలాడే మనిషి కాదు. మరి ఈ ఒక్క విషయంలో ఎందుకు ఆడారు? పని కాకముందు నోరు జారితే పని చెడుతుందని భయం. నాలుగక్షరాలు చదువుకున్నారు కాబట్టి దానికి దిష్టి అని పేరు పెట్టరు. "అయ్యాక చెబుదాంలే" అంటారు.

అయ్యాక చెప్పే కబురు మిఠాయి పంచుకోవడానికి పనికొస్తుంది. ఇంకొకరి బిడ్డకు దేనికీ పనికిరాదు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఎందుకు చేతకాదో చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి.

పోయిన నెల మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది, కింద ఆయన పోయారన్న వార్త. వీసా కోసం తీయించుకున్న ఫోటో. అందులో కూడా వెనకనుంచి ఎవరో వస్తున్నట్టు ఆయన కళ్ళు కాస్త పక్కకు తిరిగి ఉన్నాయి. గ్రూపులో అందరూ ఒకటే అడిగారు: "ఎప్పట్నుంచి బాగోలేదు?" ఎవరికీ తెలియదు. ఏడాదిగా గుండెకు మందులు వాడుతున్నాడన్న సంగతి పక్క మంచం మీద పడుకునే మనిషికి కూడా తెలియదట. మాత్రల డబ్బా మీది చీటీ గీకేసి ఉందట.

నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి; ఆయన తన యాసలో నన్ను 'నా' అనేవాడు, అంటే అన్నా అని. రాయచోటి వైపు మనిషి. దుబాయ్‌లో మా కన్సల్టెన్సీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఆర్కిటెక్టులు ఊహించి గీసిన బొమ్మను, సైట్లో మేస్త్రీకి అర్థమయ్యే కొలతలతో కంప్యూటర్ మీద గీయడం ఆయన పని. దాన్ని కట్టడానికి ఎంతవుతుందో లెక్క వేయడం నా పని. పదకొండేళ్ళు మా కుర్చీల మధ్య నడుమెత్తు చెక్క ఒక్కటే అడ్డం.

భాయ్‌కి ఏదైనా చెప్పాలనిపిస్తే నన్ను ప్లాటర్ గదికి పిలిచేవాడు. పెద్ద పెద్ద కాగితాల మీద డ్రాయింగులు అచ్చువేసే ఆ యంత్రం నడుస్తున్నంతసేపూ గర్రుమని మోత. ఏదో పాత షీటు ప్రింటుకు ఇచ్చి, మోత మొదలయ్యాక నోరు విప్పేవాడు. షీటు బయటికొచ్చేస్తే మాట సగంలో ఆగిపోయేది.

"ఇంకో షీటు కొట్టు భాయ్, కథ సగంలో ఉంది" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"నవ్వాకునా. ముదీర్‌కు ఈపుకు గూడా చెవులుంటాయి" అని మేనేజరు గది వైపు చూసేవాడు.

ఇంతా చేసి ఆ రహస్యాలు ఏమిటి? ఊళ్ళో రెండు సెంట్ల స్థలం చూస్తున్నాడు. భార్య వీసా రెన్యూవల్‌కు ఇచ్చాడు. బామ్మర్ది ఖోర్ ఫక్కాన్ పోర్టులో పని కోసం తిరుగుతున్నాడు. వీటికి సింహాసనాలేమీ కదలవు. అయినా ప్రతి సంగతి చివరా అదే ముక్క: "ఇంకా కాలా. అయ్యేదాకా ఎవురికీ చెప్పాకునా."

డ్రాయింగులకు కూడా దిష్టి తీసేవాడు. పసిపిల్లకు బుగ్గన చుక్క పెట్టినట్టు, పూర్తయిన ప్రతి షీటులో ఒక మూల చిన్న నల్ల చుక్క పెట్టేవాడు. మార్జిన్ బయట ఉండేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి ఒక గోడౌన్ ప్లాను సైజు మార్చినప్పుడు ఆ చుక్క జరిగి ప్లానులోని గోడౌన్ మేనేజరు గది మధ్యలో కూర్చుంది. సైట్ వాళ్ళు బుద్ధిమంతులు. చుక్క ఉంది కాబట్టి నీళ్ళు పోయే రంధ్రమేమో అనుకుని, స్లాబు పోసేటప్పుడు అక్కడ పైపు పెట్టేశారు. కార్పెట్ వేయాల్సిన గది నడిబొడ్డున తూము! ముదీర్ ఆఫీసంతా దద్దరిల్లేలా అరిచాడు. భాయ్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "ప్రింటర్‌లో దుమ్ము సార్" అన్నాడు. నాకు నిజం తెలుసు. నేనేమీ అనలేదు.

తర్వాత నేను ఊరుకోలేదు. చిన్నప్పటి నుంచి గ్రంథాలయాల్లో, సంఘాల్లో ఇలాంటి వాటి మీదే గొంతు చించుకున్నవాణ్ణి. "భాయ్, ఈ ఊళ్ళో అంత ఎత్తు టవర్ ఉంది చూడు. ప్రపంచమంతా వచ్చి నోరు తెరుచుకుని చూస్తోంది. కళ్ళకు అంత బలముంటే అది ఈపాటికి కూలాలి కదా?"

భాయ్ ఆలోచించాడు. "దానికి ఇన్సూరెన్స్ ఉంటాదినా. నాకేముండాది?"

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ జవాబులో మూఢత్వం పాలెంత, నిజం పాలెంత అని విడదీసి చూసే తీరిక నాకు అప్పుడు లేకపోయింది. వాదన గెలిచాననుకున్నాను.

కరోనా వచ్చింది. ముందు జీతాలు కోశారు, తర్వాత మనుషుల్ని. గురువారం మధ్యాహ్నం హెచ్ఆర్ గదికి ఎవరికైనా పిలుపు వస్తే, ఆదివారానికి ఆ కుర్చీ ఖాళీ. ఉద్యోగం ఖలాస్ అంటే వీసా ఖలాస్; వీసా ఖలాస్ అంటే బడిలో ఉన్న పిల్లతో సహా సామాను సర్దుకోవడమే. ఆ నెలల్లో గురువారం భోజనాల వేళ మా హాల్లో చెంచాల చప్పుడు కూడా వినిపించేది కాదు. ఎవరి బల్ల మీద ఫోను మోగినా తక్కిన అందరి భుజాలూ బిగుసుకునేవి. భాయ్ రెండు పూటలా తన టిఫిన్ బాక్సు, కళ్ళజోడు పెట్టె, కూతురి ఫోటో సంచిలో సర్ది పెట్టుకునేవాడు. పిలిస్తే అందరి ముందూ సర్దుకోవాల్సి వస్తుందని. పిలుపు రాలేదు. రాకపోయినా ఆ సర్దుకోవడం మాత్రం మానలేదు.

అది సద్దుమణిగాక, ఆయన కూతురు పన్నెండో తరగతి పరీక్షలు రాస్తున్న ఏడాది, రంజాన్ పండగకు నన్ను ఇంటికి పిలిచాడు. అల్ కుసైస్‌లో రెండు గదుల ఫ్లాటు. ఒక గదిలో వీళ్ళు ముగ్గురు, రెండో గదిలో ఒక నెల్లూరు కుటుంబం, వంటిల్లు ఉమ్మడి. బిర్యానీ తిన్నాక ఆ అమ్మాయి మంచం కింద నుంచి అట్టలతో చేసిన ఒక నమూనా బయటికి లాగింది. వాళ్ళ కిటికీలోంచి ఎదురుగా కూలీలుండే లేబర్ క్యాంపు కనిపిస్తుంది. ఆ క్యాంపులో ఒక గది అది. ఎనిమిది మంచాలు, ఒకే కిటికీ.

"గదిని పెద్దది చేయలేదంకుల్. ఈ గోడ ఒక్కటే ఇట్లా మడిచినా. ఇప్పుడు ఎనిమిది మంచాల మీదికీ వెలుతురొస్తుంది, చూడండి" అని ఫోన్ టార్చి వేసి కిటికీ బయట పట్టుకుంది. నిజంగానే వెలుతురు ఆ మూల మంచం దాకా పాకింది.

"కొలతలు ఎక్కడివమ్మా?"

"క్యాంపులో ఉండే కరీంనగర్ అన్న టేపు పెట్టి కొలిచి పంపినాడు. 'ఏం జేస్తవ్ చెల్లె, మా రూమ్ గిట్ల కొంటవా?' అని ఒకటే నవ్వు."

"మరి ఖర్చు?"

"అది మీరే చెప్పాల. ఎక్కువైతే గోడ మళ్ళీ మారుస్తా."

లెక్క వేసి చూశాను. మామూలు గోడకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వెలుతురు చూపించి డబ్బులు గుంజే డిజైన్లు చాలా చూశాను; ఖర్చు ఎక్కువైతే మార్చుకుంటానన్న మనిషిని మా వృత్తిలో అరుదుగా చూశాను. భాయ్ ముఖంలో గర్వం పొంగుతోంది, ఆ పొంగుతో పాటే వణుకు కూడా. "కర్టెన్ వేయమ్మా, ఎదురు బిల్డింగ్ వాళ్ళకు కనపడతాది" అన్నాడు.

అంతలో తలుపు చప్పుడయింది. భాయ్ లేచి, నమూనాను కాలితో మంచం కిందికి తోసేశాడు. మడిచిన గోడ మంచం కోడుకు తగిలి విరిగింది. వచ్చింది నెల్లూరావిడ, పెరుగు గిన్నె తిరిగివ్వడానికి. ఆవిడ వెళ్ళేదాకా నలుగురం బొమ్మల్లా కూర్చున్నాం.

"నాయనా, ఆమె మనకు అత్తలాంటిది గదా" అంది పిల్ల, విరిగిన ముక్క చేతిలో పట్టుకుని.

"అత్తయినా కండ్లు కండ్లే" అన్నాడు భాయ్.

ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష ఫలితాలొచ్చాక ఒకరోజు ప్లాటర్ గదికి పిలుపొచ్చింది. ఈసారి ఏకంగా పది షీట్లు ప్రింటుకు పెట్టాడు.

"ఒక దోస్తుండాడునా, మా ఊరాయనే. ఆయన బిడ్డకు ఆర్కిటెక్చర్ టెస్టులో మంచి మార్కులొచ్చినాయి. యాడ చేర్పిస్తే తక్కువ పడతాదో నువ్వు లెక్క గట్టియ్యి."

ఆ దోస్తు ఎవరో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇద్దరం తలవంచుకుని ఆ నాటకం ఆడాం. ఒక కాగితం తీసి వరసలు గీశాను.

మొదటి వరస సొంత రాష్ట్రం. అక్కడే మొదటి దెబ్బ. "మీ దోస్తు కూతురు అక్కడ నాన్‌లోకల్ భాయ్."

"రాయచోటిలో పుట్టిన పిల్ల రాయచోటికి పరాయిది ఎట్లయితాది?"

"పుట్టుక లెక్కలోకి రాదు. పన్నెండో తరగతి దాకా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. ఈ పిల్ల ఆరో తరగతి నుంచీ ఇక్కడే కదా?"

"ఆడ బడి బాగలేదని గదా ఈడికి తెచ్చుకున్యా..." అని నాలుక కరుచుకున్నాడు. "తెచ్చుకున్యాడు, మా దోస్తు."

ఎన్నారై సీటయితే డాలర్లలో కట్టాలి. ఏడాది ఫీజు ఆయన ఏడు నెలల జీతం. రెండో వరస పక్క రాష్ట్రం. అక్కడి పిల్లలకొక ఫీజు, బయటి రాష్ట్రం పిల్లలకు దాదాపు రెండింతలు, ఆపైన హాస్టలు. మూడో వరస ఇక్కడి యూనివర్సిటీలు. ఆ అంకె వేస్తుంటేనే భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు, చూడలేనన్నట్టు. ఇంజనీరింగ్‌లాగా నాలుగేళ్ళు కాదు, ఐదేళ్ళని చెప్పాను. నమూనాలకు అట్టలు, జిగురు, పెద్ద షీట్ల ప్రింట్లు, మంచి కంప్యూటర్ అన్నీ కలిపాను. ఐదుతో హెచ్చవేశాను. భాయ్ పెదాలు కదుపుతూ అంకెలు చదువుకున్నాడు.

"ఐదేండ్లు ఉజ్జోగం ఉంటాదాంటావా? మా దోస్తుకు?"

"ఉంటుంది భాయ్."

"ముదీర్ నీకేమన్నా చెప్పినాడా?"

"లేదు."

"మరి ఎట్ల చెప్తావు ఉంటాదని?"

కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టాను. ఆ కాగితం మీద నాలుగో వరస లేదు. ఉండాల్సింది. గల్ఫ్‌లో పనిచేసే వాళ్ళ పిల్లలకు కొన్ని కేంద్ర ప్రభుత్వ కాలేజీల్లో విడిగా సీట్లున్నాయి. అక్కడి పిల్లలు కట్టే ఫీజే వీళ్ళూ కట్టొచ్చు. లోకలా నాన్‌లోకలా అన్న ప్రశ్నే రాదు. ఆ సంగతి నాకు ఎలా తెలుసు? అదే కోటాలో నా కొడుకు అప్పటికే దరఖాస్తు పెట్టి ఉన్నాడు కాబట్టి. ఆ పొద్దున్నే నా భార్య చెప్పులేసుకుంటున్న నన్ను ఆపి, "ఏమండీ, సీటు ఖాయమయ్యేదాకా ఆఫీసులో ఎవరితోనూ అనకండి. మీ నోరసలే ఆగదు" అంది. "నాకా చెబుతున్నావు ఈ చాదస్తాలు?" అని విసుక్కుని బయల్దేరాను.

దిష్టి మీద ఎన్ని సభల్లో మాట్లాడానో లెక్కలేదు. ఆ రోజు ప్లాటర్ గదిలో, అంత మోతలో, ఆ ఒక్క ముక్క నా గొంతు దాటలేదు. ఒకవేళ చెబితే? ఈయన వెళ్ళి ఇంకొకరికి చెబితే? ఉన్నవే కొన్ని సీట్లు. నా కొడుకుది ఇంజనీరింగ్, ఆ పిల్లది ఆర్కిటెక్చర్. వాళ్ళిద్దరి మధ్యా పోటీ అనేదే లేదు. అది తెలిసీ చెప్పలేదు. నేను దేనికి భయపడ్డానో ఇప్పటికీ తర్కంతో నిరూపించలేను. దిష్టికి కాదని నాకు నేను చెప్పుకున్నాను. దానికి వేరే పేరు పెట్టుకున్నానేమో, అంతే. "రెండు వారాలాగి చెబుదాం" అనుకున్నాను. మీరూ ఇలాగే అనుకుంటారు.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ దరఖాస్తుకు కంపెనీ నుంచి ఉద్యోగపు లెటరు కావాలి. లెటరు అడిగిన వాళ్ళ పేరే తర్వాతి లిస్టులో ఉంటుందని మా ఆఫీసులో నమ్మకం. హెచ్ఆర్ తలుపు దాకా వెళ్ళి నేను కూడా రెండుసార్లు వెనక్కి వచ్చాను. అక్కడి ఫిలిపీన్స్ అమ్మాయి పది నిమిషాల్లో లెటరు కొట్టి, ముద్ర వేసి ఇచ్చింది. ఎందుకని కూడా అడగలేదు. ఏ లిస్టూ రాలేదు. అంటే ఆ భయం ఉత్తదేనని పరీక్ష చేసి తెలుసుకున్న మనిషిని నేను. తెలుసుకున్నది నా దగ్గరే పెట్టుకున్నాను.

పదిహేడో రోజున నా కొడుకుకు సీటు ఖాయమైంది. ఆ మధ్యాహ్నం నేనే భాయ్‌ని ప్లాటర్ గదికి పిలిచి, నేనే ఒక షీటు పెట్టి, అంతా చెప్పాను. కోటా, ఫీజు, లెటరు, అన్నీ.

ఆయన కళ్ళు వెలిగాయి. "ఎప్పటిదాకా ఉండాదినా టైము?"

"అయిపోయింది భాయ్. నాలుగు రోజులైంది."

షీటు బయటికొచ్చి ట్రేలో పడింది. మోత ఆగింది. పదకొండేళ్ళలో మొదటిసారి, ప్లాటర్ ఆగిపోయాక భాయ్ మాట్లాడాడు.

"పోనీలేనా. లెటరు అడగాలంటే మా దోస్తు ఎట్లాగూ భయపడుండేవాడు. నేను చెప్తాలే ఆయనకు. ఏమనుకోడు."

తర్వాత నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "మీ వోనికి ఫీజు ఇంకా కట్టలే గదా? కట్టేదాకా ఎవురికీ చెప్పాకునా."

ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. చేతిలోది జారిపోయిన మనిషి, నా చేతిలోది జారకూడదని నన్ను హెచ్చరిస్తున్నాడు. మంచితనం కూడా భయం మాటల్లోనే బయటికి వస్తే, దాన్ని మంచితనమని మెచ్చుకుని ఊరుకోవాలా?

ఆ పిల్ల పక్క రాష్ట్రంలో, బయటి వాళ్ళ ఫీజుతో చేరింది. భార్యను ఊరికి పంపేసి, భాయ్ ఒక గదిలో మంచం మాత్రం అద్దెకు తీసుకున్నాడు. సెలవు రోజుల్లో వేరే వాళ్ళ డ్రాయింగులు గీసేవాడు. నేను ఉద్యోగం మారి రువైస్ వెళ్ళాను. ఎడారి మధ్య రిఫైనరీ ఊరు; దుబాయ్ రావాలంటే నాలుగు గంటల దారి. ఫోన్ చేస్తే ఒకే జవాబు: "బాగుండానా. అంతా బాగే." మూడేళ్ళు ఆ మాట నమ్మాను. నమ్మడం సులువు.

ఆయన పోయిన పదో రోజున ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"అంకుల్, ఇంకా రెండేండ్లుంది. ఈ ఫీజు నెలాఖరుకు కట్టాల. అమ్మ ఎవరికీ చెప్పద్దంటోంది. నాయన లేడని తెలిస్తే, వీళ్ళింక కట్టలేరని కాలేజీలో పేరు కొట్టేస్తారేమోనని."

ఆయన పోయినా ఆయన భయం పోలేదు. చేతులు మారింది, అంతే.

"చెప్పకపోతేనే కొట్టేస్తారమ్మా. సంపాదించే మనిషి పోతే ఫీజు తగ్గించే పద్ధతి కొన్ని కాలేజీల్లో ఉంటుంది. మీ దాంట్లో ఉందేమో ఎవరినైనా అడగాలి. నువ్వు సరేనంటే మా గ్రూపులో రాస్తాను. కానీ అప్పుడు మీ ఇబ్బంది అందరికీ తెలుస్తుంది."

నేను ఆగలేక నాలుగో వరస సంగతి చెప్పేశాను. అప్పుడు నేను నోరు విప్పి ఉంటే ఈ ఫీజు ఇంత ఉండేది కాదని.

"తెలుసంకుల్. నాయన చెప్పినాడు."

"ఏమని?"

"మీరు మంచి మనిషని. కడుపులో మాట కడుపులోనే పెట్టుకుంటారని."

నా బతుకులో నన్ను ఇంతగా చితక్కొట్టిన పొగడ్త ఇంకొకటి లేదు.

"నాకు భయంగా ఉందంకుల్" అంది చివరికి.

"నాకూ ఉందమ్మా."

"రాయండి. పేరుతోనే రాయండి. ఫీజెంతో కూడా రాయండి."

రాశాను. గంట తిరక్కముందే మా పాత ఆఫీసులో ఎలక్ట్రికల్ డ్రాయింగులు గీసిన గుంటూరు మనిషి జవాబిచ్చాడు. వాళ్ళ మేనల్లుడు అదే కాలేజీలో చదివాడట. అలాంటి దరఖాస్తు ఉందట. రెండు పేజీలు, తండ్రి మరణ ధ్రువపత్రం, నెలాఖరు గడువు. ఇంకొకాయన సెలవుల్లో ఆ పిల్లకు డ్రాయింగ్ పని ఇప్పిస్తానన్నాడు. ఇంకొకాయన తన కొడుకును గల్ఫ్ కోటాలోనే చదివించానని, ఏ కాగితానికి ఎక్కడ ముద్ర వేయించాలో తన దగ్గర పూర్తి పట్టిక ఉందని రాశాడు. ఆ మనిషి భాయ్ వెనక కుర్చీలో ఆరేళ్ళు కూర్చున్నవాడు. ఆరేళ్ళు! ఆ పట్టిక భాయ్ వీపు వెనకే ఉంది. ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు, నేను దాచాను. అందరం గుట్టు తెలిసిన పెద్దమనుషులం.

అమ్మాయి దరఖాస్తు పెట్టింది. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. రాకపోవచ్చు. వాళ్ళ నిబంధనల్లో ఈమె పట్టకపోవచ్చు. ఫోను మోగినప్పుడల్లా ఆ జవాబేనేమోనని ఉలిక్కిపడుతున్నాను. పని పూర్తి కాకముందే ఇంతమందికి చెప్పేశావేమిటని నా భార్య అడిగింది. ఆ మాట నన్ను కూడా ఒక్క క్షణం ఊపింది. అబద్ధమాడను. భయం ఇంత చదివినవాణ్ణీ వదలదు. దాన్ని పోగొట్టే మంత్రం నా దగ్గర లేదు. అది పోయేదాకా ఆగి నోరు విప్పుదామంటే మాత్రం, ఈలోగా గడువులు వాటి దారిన అవి దాటిపోతాయి.

అందుకే మిమ్మల్ని ధైర్యం తెచ్చుకోమని అడగను. ఇంకొకటి అడుగుతున్నాను. ఈ పేజీ తిప్పకముందే ఫోను చేతిలోకి తీసుకోండి. మీ పిల్లల సీటు ఏ కోటాలో అడిగారు, ఏడాదికి ఎంత కట్టాలి, ఏ కాగితం ఎవరి దగ్గర దొరికింది, ఆఖరి తేదీ ఎప్పుడు, ఈ నాలుగు ముక్కలు మీకు తెలిసిన గ్రూపులో రాయండి. సీటు వచ్చాక కాదు, ఫీజు కట్టాక కాదు, ఈ రోజే. చేతులు వణికితే వణకనివ్వండి. రాసి పంపాక, కూర్చుని ఎంతసేపైనా భయపడండి. ముందు పంపండి.